పదకొండు నిమిషాల అట్టపెట్టె

జైబా ఆ అట్టపెట్టెను అప్పటికి పదిహేడుసార్లు కట్టింది, పదిహేడుసార్లు విప్పింది. లోపల ఏమీ లేదు. ఏమీ లేకపోవడమే అసలు సంగతి. దోహాలో, అల్ ముంతజా పేటలోని ఆ రెండు గదుల ఇంట్లో ఒక్కరి బుర్రకైనా అది ఎక్కితే ఒట్టు.

అక్కడి ఆర్ట్ కాలేజీలో ఆమె రెండో ఏడు చదువుతోంది. ఈసారి పాఠం వీడియో పర్ఫార్మెన్స్. అంటే సినిమా కాదు, నటనా కాదు. కెమెరా ముందు ఏదో ఒక పని నిజంగా చెయ్యాలి, కోతల్లేకుండా ఒకే షాట్‌లో. జైబా ఎంచుకున్న పని, ఊరికి పంపే డబ్బా కట్టడం. ముందు అట్టమీద 'ఖమర్ సుల్తానా, బోధన్' అని ఊళ్లో ఉన్న అమ్మమ్మ, నానీ, పేరు రాస్తుంది. ఉత్త గాలిని దుప్పట్లలా మడిచి, పాలపొడి డబ్బాల్లా పేర్చి, టేపు వేసి, నైలాన్ తాడు బిగిస్తుంది. ఆ తర్వాత అంతా విప్పేస్తుంది. మొత్తం పదకొండు నిమిషాలు.

మొదటిసారి చూపించినప్పుడు మేడమ్ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, "అందంగానే ఉంది. కానీ చేస్తున్నట్టు చేస్తున్నావు, చేయడం లేదు. ఇంతకీ ఈ పెట్టె ఎవరి కోసం?" అంది. జవాబుగా జైబా వలస, శూన్యం, అస్తిత్వం అంటూ నోరు తిరగని మాటలన్నీ పోగేసి నాలుగు పేజీలు నింపింది. మేడమ్ వాటిమీద ఎర్రగా ఒక ప్రశ్నార్థకం గీసి తిప్పి ఇచ్చేసింది. ఆదివారం మధ్యాహ్నంలోపు మళ్లీ తీసి తేకపోతే ఫెయిల్. ఫెయిలైతే కామర్స్‌లో పడేస్తానని అబ్బా, గౌస్ మొహియుద్దీన్, ముందే చెప్పి ఉంచాడు. అన్నంత పనీ చేసే మనిషాయన.

శుక్రవారం అబ్బా నమాజుకు వెళ్లాడు. వంటగదిలోంచి కదలొద్దని జైబా అమ్మీకి దండం పెట్టి మరీ చెప్పింది. అంతకుముందు తీసినప్పుడు ఆమె తిన్నగా కెమెరా ముందుకు వచ్చి, "ఖాళీగ పంపుతవా బేటా? నానీ ఏమనుకుంటది?" అంటూ కొత్త తువ్వాల ఒకటి పెట్టెలో పెట్టి పోయింది. తల ప్రాణం తోకకొచ్చింది జైబాకు.

పద్దెనిమిదోసారి మాత్రం పని నల్లేరు మీద బండిలా సాగింది. కట్టడం అయింది. తొమ్మిదో నిమిషంలో తాడు విప్పి మూత తెరిచింది. సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని రాజన్న వచ్చాడు. అబ్బా కంపెనీలోనే తాపీపని, బోధన్ పక్క పల్లె. శుక్రవారం శుక్రవారం చాయ్‌కి వస్తాడు. ఇక్కడ మనవాళ్ల ఇంట్లో తెరిచిన డబ్బా కనబడిందంటే ఎవరో ఊరికి పోతున్నట్టే లెక్క, ఎవరి పొట్లం వాళ్లు తెచ్చి పెట్టుకుంటారు. ఎవరూ కాదనరు. రాజన్న కెమెరాను చూడనైనా లేదు. పెట్టె పక్కన గొంతుకూర్చుని సంచిలోంచి ఏదో తీశాడు.

"మంచిగైంది బిడ్డా, బోధన్ పోతున్నదా? ఇగో, మా ఇంటిదానికి, పోచవ్వకు, మోకాలు పట్టీలు. పెద్ద సైజో చిన్న సైజో యాదికి రాలె. రెండూ కొన్న."

జైబాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఎవ్వరూ పోతలేరు కాకా! ఇది ఉత్త డబ్బ! కాలేజీ పని! మొత్తం ఖరాబ్ చేసినవ్!"

రాజన్న చెయ్యి పెట్టెలోనే ఆగిపోయింది. ఆయనకు కోపం రాలేదు. అట్టమీది పేరుకేసి చూశాడు.

"పోనిదానికి పేరెందుకు రాసినవ్ బిడ్డా?"

పట్టీలు మళ్లీ సంచిలో వేసుకుని, చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. కెమెరా తిరుగుతూనే ఉంది.

అమ్మీ వంటగదిలోంచి వచ్చి ఇల్లు పీకి పందిరేసింది. "డబ్బ తెరిసిపెట్టి మనిషిని వాపస్ పంపుతరా? ఇజ్జత్ తీసినవ్!" అంటూ పది చోట్లకు ఫోన్లు చేసింది. అల్ సద్ పేటలో ఉండే మారుతి ఆదివారం సాయంత్రం ఏడింటి ఫ్లైట్‌కు సెలవు మీద బోధన్ పోతున్నాడట. రాజన్నను బతిమాలి పట్టీలు తెప్పించింది. పాలపొడి చేరింది, తువ్వాల మళ్లీ చేరింది. పెట్టె నిండింది, జైబానే తాడు కట్టింది. కాలేజీవాళ్ల కెమెరా శనివారం పొద్దున్నే తిరిగి ఇచ్చేయాల్సి వచ్చింది. ఇక మిగిలింది ఆ చెడిపోయిన షాట్ ఒక్కటే.

చూసుకుంటే ఒళ్లు మండిపోయింది. తొమ్మిది నిమిషాలు తన చేతులు అబద్ధం ఆడుతున్నాయి. ఆఖరి రెండు నిమిషాలే నిజం, అందులో తనో గయ్యాళి. ఏడుపొచ్చింది. రాజన్నకు ఫోన్ చేసి, తిట్టినందుకు మాఫీ అడిగి, ఇది క్లాసులో చూపించనా అంది.

"సూపిచ్చుకో బిడ్డా, ఏమైతది. నా అంగీ మాసి ఉన్నదా ఏంది?"

ఆదివారం పెట్టెతో సహా క్లాసుకు వెళ్లింది, నాలుగింటికల్లా మారుతికి అందిస్తానని అమ్మీకి మాటిచ్చి. వీడియో అయిపోయాక అందరూ చప్పట్లు కొట్టారు. ఆ ముసలి నటుడు ఎక్కడ దొరికాడని ఒకడు అడిగాడు. మౌనం గురించి, అధికారం గురించి నలభై నిమిషాలు మాట్లాడారు. ఆ పట్టీలు పోచవ్వకు అందుతాయా అని అడిగిన పాపాన ఒక్కరూ పోలేదు.

"ఇప్పుడు నిజంగా చేశావు," అంది మేడమ్. "పెట్టె ఇక్కడే వదిలి వెళ్లు. ఏడాది చివర ప్రదర్శనలో తెర పక్కన పెడదాం."

"ఇది ఇవాళ పోవాలి మేడమ్. ఇంకోటి తెస్తాను."

"ఇంకోటి ఉత్త అట్ట. ఆయన చెయ్యి పెట్టింది ఇందులో. ఇది లేకపోతే పని అసంపూర్ణం, మార్కులూ అలాగే వేయాల్సి వస్తుంది."

జైబాకు కామర్స్ పుస్తకాలు కళ్లముందు కదిలాయి. మూడు వారాలుగా ఎవరి కోసమన్న ప్రశ్నతో తనను తొలిచిన మేడమ్‌కు ఇప్పుడు జవాబు అక్కర్లేదు కాబోలు.

"ఎవరి కోసమని మీరే అడిగారు కదా మేడమ్. పోచవ్వ కోసం," అని పెట్టె ఎత్తుకుంది.

మారుతి గదిలో రాజన్న ముందే వచ్చి కూర్చున్నాడు. తాడు పట్టి ఒక గుంజు గుంజాడు, ముడి చేతిలోకి వచ్చేసింది.

"ఎవరు కట్టిండ్రు గిట్ల? శంషాబాద్‌ల బెల్టు మీదనే ఊడిపోతది."

పద్దెనిమిదిసార్లు కెమెరా ముందు వేసిన ముడి అది. జైబాకు మండింది, వెంటనే సిగ్గేసింది.

"ఫోన్‌ల వీడియో తీస్కో బిడ్డా, మల్ల యాదికుంటది," అంటూ రాజన్న కొత్తగా మెలిక వేయబోయాడు.

"వద్దు కాకా. ఇటియ్యి, నేనే కడ్త."

తాడు రెండు కొసలూ అందుకుని, ఆయన చెప్పినట్టే మెలిక తిప్పి లాగింది. ముడి బిగిసేదాకా రాజన్న దానిమీద వేలు అదిమి పట్టుకున్నాడు.