గాజుగిన్నెలో నయమైన రక్తం

బళ్లారి జిల్లా ఎమ్మిగనూరులో హులిగేశ్ ఇంటి ముందు కారు దిగింది వినూత. బెంగళూరు ల్యాబులో పరిశోధకురాలు. రెండేళ్ల కింద ఈ ఇంటి పిల్ల రక్షిత రక్తం తీసుకుపోయింది. పన్నెండేళ్ల రక్షితకు తలసేమియా. నెలనెలా బళ్లారిలో రక్తం ఎక్కించాలి. దాంతో ఒంట్లో పేరుకునే ఇనుము పోవడానికి రోజూ మాత్ర నీళ్లలో కలిపి తాగించాలి.

"ఇంకోసారి శాంపిల్ కావాలమ్మా," అంది వినూత.

"మళ్లా ఎందుకు? బాగయిందని నువ్వే కదా ఫోన్ చేసింది?" అంది తల్లి ఉచ్చెంగమ్మ.

'రక్షిత కణాల్లో తప్పు జీన్‌ను సరిచేశాం' అని ఉగాది ముందు ఫోనొచ్చింది. ఆ వారమే హులిగిలో హులిగెమ్మ గుడికి పోయి, పిల్లకు గుండు కొట్టించి మొక్కు తీర్చారు. మొక్కు తీరాక మాత్ర తాగిస్తే అమ్మవారిని నమ్మనట్టే. మాత్ర మానేశారు. మంచి రక్తం ఊరేదాకా అనుకుని, ఎక్కించడం మాత్రం ఆపలేదు.

"మేం సరిచేసింది ల్యాబులో తయారుచేసిన మూలకణాల్నమ్మా. గాజుగిన్నెలో. పిల్ల ఒంట్లో కాదు. మీరు సంతకం చేసిన ఫారంలో రాసుంది."

"ఇంగ్లీషులో రాసుండాది! అంటే గిన్నెలోది బాగుండాది, నా బిడ్డ బాగలేదు."



"పోనీలేమ్మే, సదువుకున్నోళ్లు..." అన్నాడు తండ్రి హులిగేశ్.

"నువ్వు గమ్మునుండు! సంతకం గీకింది నువ్వే. మేడమ్, మొన్న డాక్టరు ఏమన్యాడో తెల్సా? సండూరు ఇనుప గుట్టలో కంటే మీ పిల్ల కార్జంలోనే ఇనుము ఎక్కువుండాదంట! నగుతా అన్యాడు."

"మాత్ర ఆపమని నేను చెప్పలేదమ్మా."

"ఆపొద్దని చెప్పినావా?"

 వినూత తెచ్చిన కొత్త ఫారాన్ని ఉచ్చెంగమ్మ ఆమె ముందుకే తోసింది.

"రాయి. కన్నడలో, పెద్దక్షరాల్తో. ఇది మందు కాదు. దీంతో రక్షిత బాగుకాదు. మాత్ర ఆపకూడదు."

వినూత రాసింది.

"ఇంకెన్నిండ్లల్లో తీసుకున్యావు?"

"ఈ తాలూకాలో తొమ్మిది."

"ముందు ఆ తొమ్మిదిండ్లకు పో. ఫోన్లో కాదు, ఎదురుగ్గా కూర్చోని సదివి ఇనిపించు. ఆమీట నా తాకి రా."

"అప్పుడు శాంపిల్ ఇస్తారా?"

"అప్పుడు అడుగు."

కారు కదలకముందే ఉచ్చెంగమ్మ లోటాలో మాత్ర కలిపి తెచ్చింది. రక్షిత వెనక్కి జరిగింది.

"హులిగెమ్మకు కోపం రాదామ్మా?"

"నా కోపం ముందర ఆయమ్మది యాపాటి? తాగు."