అడ్డం పెట్టిన అరచెయ్యి

"బడికేగా పోయేది, పెళ్లికా? ఎంతసేపే ఆ జడ!" అంది అత్త, మోకాలికి నూనె రాయించుకుంటూ.

కోడలు ఇంకా దువ్వెనే ముట్టుకోలేదు. రెండో మోకాలు అందుకుంది. బాత్రూంలోంచి మొగుడి కేక. "తువ్వాలేదీ?" తువ్వాలు అతని ఎదుటే వేలాడుతోంది. అయినా వెళ్లి తీసి చేతికిచ్చి వచ్చింది. చేస్తే ఒక పని, కాదంటే ఒక మాట. పని చేస్తే అయిపోతుంది, మాట అలా కాదు, ఏళ్లతరబడి ఇంట్లోనే తిరుగుతుంది. కాపురంలో ఆమె నేర్చుకున్న చదువు అదొక్కటే.

రెండో చదువు ఇప్పుడు చదువుతోంది. మాట రాని, బుద్ధి నెమ్మదిగా ఎదిగే పిల్లలకు పాఠం చెప్పే టీచరు చదువు. చివర్లో అలాంటి పిల్లల బడికి వెళ్లి పాఠం చెప్పి చూపించాలి. కాలేజీ మేడమ్ వచ్చి చూసి సరే అంటేనే పట్టా. "తప్పితే మానేద్దువుగాని. ఇంట్లో పనికేం కరువు?" అన్నాడు మొగుడు. అరవలేదు, టీ తాగుతూ అన్నాడు. అరిచి ఉంటే ఇంత బరువుండేది కాదు.

ఆమెకు అప్పగించిన పిల్లను బడిలో అందరూ గువ్వ అంటారు. తొమ్మిదేళ్లది. చెంచాతో ఎంత పెడితే అంత మింగేది, కడుపు నిండినా మింగేది, తర్వాత కక్కేది. ఎవరు చెయ్యి పట్టుకుని ఏం చేయించినా చేసేది. "బంగారుతల్లి, పేచీ అన్నదే లేదు" అని మురిసిపోయేవారు ఆయాలు. ఆ మాట ఆమెకు మింగుడు పడేది కాదు. చుట్టాల ముందు అత్త తననూ అలాగే మెచ్చుకుంటుంది.

అందుకే ఆ పిల్లకు ముందుగా అరచెయ్యి అడ్డం పెట్టడం నేర్పింది. చెంచా దగ్గరికి తెచ్చేది, ఆగేది, తన అరచెయ్యి అడ్డం పెట్టి చూపేది, చెంచా వెనక్కి తీసేది. వారాలు పట్టింది. ఒక మధ్యాహ్నం గువ్వ చెయ్యి దానంతటదే లేచింది. చెంచా ఆగిపోయింది. పిల్ల చెంచా వంక చూసింది, తన చేతి వంక చూసింది. మళ్లీ పెట్టింది. మళ్లీ ఆగింది. కిలకిలా నవ్వింది.

ఆ వారంలోనే గువ్వ తల్లి పరుగున వచ్చింది. "టీచరమ్మా! స్నానానికి నీళ్లు పోస్తుంటే చెయ్యి అడ్డం పెట్టింది. ముట్టుకు చూస్తే చుర్రుమన్నాయి! ఇన్నాళ్లూ ఎన్నిసార్లు కాల్చానో దాన్ని, కన్నతల్లినై ఉండి" అని ముంజేత్తో కళ్లు తుడుచుకుంది.

పరీక్ష రోజు వచ్చింది. పూసలు దారానికి గుచ్చడం పాఠం. మేడమ్ వెనక కుర్చీలో కూర్చుంది. గువ్వ ఒక పూస గుచ్చింది. రెండోది ఇవ్వబోతే అరచెయ్యి అడ్డం పెట్టింది. ఆమె ఆగింది. కాసేపాగి మళ్లీ చూపింది. మళ్లీ అరచెయ్యి.

"వద్దంటోంది మేడమ్."

"వద్దంటే ఇక పాఠమేంటి? ఆ చెయ్యి దించి, పట్టుకుని గుచ్చించు."

"బలవంతంగా చేయించకూడదని క్లాసులో మీరే..."

"క్లాసులో సవాలక్ష చెప్తాం అమ్మాయ్. గట్టు మీద ఈత అందరికీ వచ్చు. అవతల ఇంకా నలుగురి పాఠాలు చూడాలి నేను. చేయిస్తావా, తప్పిందని రాసెయ్యనా?"

టీ తాగుతున్న మొగుడు కళ్లముందు మెదిలాడు. ఒక్కసారే కదా అనుకుంది. గువ్వ చెయ్యి పట్టుకుని దించింది. ఆ చెయ్యి పెనుగులాడినా బాగుండేది. గోరువెచ్చగా, పిట్టంత తేలిగ్గా, అడగ్గానే దిగిపోయింది. పూసలన్నీ వరసగా ఎక్కాయి.

"చూశావా! బంగారుతల్లి" అని మేడమ్ లేచింది. పాఠం నెగ్గింది.

మర్నాడు అన్నం పెడుతుంటే కడుపు నిండి గువ్వ చెయ్యి లేచింది. సగం లేచిందో లేదో, పిల్ల ఎడమచెయ్యే వచ్చి దాన్ని పట్టుకుని ఒళ్లోకి దించేసింది. నోరు తెరిచి కూర్చుంది పిల్ల.

ఆమె చెంచా కింద పెట్టేసింది. "వద్దను తల్లీ. నేనే చెబుతున్నాగా, అను" అని తన అరచెయ్యి అడ్డం పెట్టి చూపింది, బతిమాలింది. గువ్వ నోరు ఇంకా పెద్దగా తెరిచింది.

సాయంత్రం తల్లి వస్తే గేటు దగ్గర ఆపింది. "నీళ్లు ముట్టుకు చూసి పోయండమ్మా."

"మీరు మరీనూ! అది చెబుతుందిగా ఇప్పుడు" అని నవ్వి, పిల్లను చంకనేసుకుని వెళ్లిపోయింది తల్లి. అసలు సంగతి దాచిపెట్టి ఆమె గేటు వేసింది.

ఇంటికొచ్చేసరికి అత్త, మొగుడు ఆమె కోసమే కాచుకుని ఉన్నారు. "పట్టా వచ్చినట్టేగా, సరదా తీరింది" అంది అత్త. "నీ ఆడపడుచు ఉద్యోగంలో చేరుతోంది. తన పిల్లలిద్దర్నీ మన దగ్గర దింపుతానంది. పైనెల నుంచి నువ్వు ఇంటి పట్టునే ఉండు."

"పిల్లల్ని చూసే చదువేగా చదివింది! ఊరికే పోలేదు" అని మొగుడు నవ్వాడు.

కూర్చున్న ఆమె ఒళ్లో కుడిచెయ్యి కదిలింది. ఆమె దాన్ని చూస్తూనే ఉంది. కొంచెం లేచింది. ఇంతలో ఎడమచెయ్యి వచ్చి, మెత్తగా, దాన్ని పట్టుకుని దించేసింది.

గువ్వకు చెయ్యి దించుకోవడం నేర్పింది తను. తనకు నేర్పిందెవరో, ఎంత తల్చుకున్నా గుర్తు రాలేదు.