దగ్గు పోల్కా

సుత్తి పడింది. తగరపు పలక మీద మరో అక్షరం దిగింది, తిరగేసి. సంగీతం అచ్చువేసే పలక మీద స్వరాలైనా అక్షరాలైనా తిరగేసే కొట్టాలి. కాగితం మీదికి వచ్చాకే అవి సరిగ్గా కనబడతాయి. ఆ పనిలోనే వెంజెల్ కుబిచ్కా వీపు వంగింది, బొటనవేలు కాయకాచి నల్లబడింది.

కిటికీ పక్క మంచం మీద రోసీనా దగ్గింది. రెండు చిన్నవి, ఒక పెద్దది.

ఆ దగ్గే ఇంత తెచ్చింది. కార్నివాల్ రోజుల్లో వియన్నాలో వృత్తికో నాట్యోత్సవం, ఉత్సవానికో కొత్త బాణీ, బాణీకో నవ్వించే పేరు. లాయర్లకు ‘వాయిదా వాల్ట్జ్’ కుదిరింది. వైద్యుల గెంతుల బాణీకి, పోల్కాకి, ఏ పేరూ కుదరక ప్రచురణకర్త గ్రుబ్‌మాన్ తల పట్టుకుంటే, వెంజెల్ నోరు జారాడు. “మా ఆవిడ పోల్కా తాళంలో దగ్గుతుందండీ.” అందరూ నవ్వారు, పేరు అదే ఖాయమైంది. ఇంటికొచ్చి చెబితే రోసీనా కూడా నవ్వింది. అప్పుడది జలుబే.

క్రిస్మస్ దాటాక రుమాల్లో రక్తం కనిపించింది.

ఈ ఉదయం అతను టోపీ చేత్తో పట్టుకుని గ్రుబ్‌మాన్ ముందు నిలబడ్డాడు.

“పేరు మార్చండి అయ్యగారూ. ‘మందుసీసా పోల్కా’ అనండి.”

“గోడలన్నీ పోస్టర్లేనయ్యా. రేపు వాద్యగాళ్ల చేతుల్లో కాగితాలుండాలి. నీకు మనసొప్పకపోతే ఇంకొకడికిస్తా.”

ఆ దగ్గును ఇంకొకడి సుత్తికి వదలలేకపోయాడు. పలక చంకన పెట్టుకుని వచ్చేశాడు.

ఇక మిగిలింది దగ్గులే. వాద్యగాళ్లు దగ్గవలసిన ప్రతిచోటా చిన్న శిలువ కొట్టాలి. తిరగేసినా మారని గుర్తు అదొక్కటే. శిలువ గుర్తున్న ఉక్కు మొన పలక మీద ఆనించాడు గాని, చెయ్యి లేవలేదు.

“ఆగిపోయావేం?” అంది రోసీనా.

“డాక్టర్లు నీ దగ్గుకి గెంతడమేంటి రోసీ?”

“గెంతనీవయ్యా. ఇన్నేళ్లు వాళ్ల చొక్కాలకి గంజి పెట్టా. ఒక్కడూ నా మొహం చూళ్లేదు. ఇప్పుడైనా నా తాళానికి కాలెత్తుతారు.” ఊపిరి తీసుకుంది. “మూడోది గట్టిగా కొట్టు. పక్కింటావిడ గోడ బాదేది దానికే.”

ఆమె నవ్వబోయింది. నవ్వు దగ్గులోకి జారింది.

అతను కొట్టాడు. ఆమె దగ్గితే శిలువ, శిలువ పడితే ఆమె దగ్గు. కిటికీలో ఎండ మంచం చివరికి జరిగింది. ఆఖరి వరసలో రెండు చిన్నవి పడ్డాయి. మూడోదానికి సుత్తి ఎత్తి, ఆమె కోసం ఆగాడు.

పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి.

“రోసీ,” అన్నాడు, తల తిప్పకుండా.

పలకను సాయంత్రం గ్రుబ్‌మాన్ మనిషి వచ్చి పట్టుకెళ్లాడు.

ఉత్సవంలో వాద్యగాళ్లు చివర రెండుసార్లు దగ్గి, మూడోచోట కాగితం మీద ఏమీ లేక ఆగారు. ఆ నిశ్శబ్దం కూడా హాస్యమేననుకుని హాలంతా పగలబడి నవ్వింది, మళ్లీ వాయించమంది.

వెంజెల్ పనిబల్ల మీద, ఖాళీ మంచం వైపు తిరిగి, ఆ ఉక్కు మొన పడుంది. దాని కొసన గోరంత శిలువ.