రేడియో పెట్టి రుద్దిన బీరువా

రంగులక్క పొద్దున్నే షెడ్డు తలుపు తీసి ముందు రేడియో పెడుతుంది. ఆ తర్వాతే ఉప్పుకాగితం పట్టుకునేది. పాత చెక్కను రుద్దితే, అది ఉన్న ఇంట్లోని మాటలు పైకొస్తాయి మరి. ఒక్కసారే. పొట్టు రాలిందంటే మాటా పోయినట్టే. పని నేర్పిన ముసలి వడ్రంగి మొదటి రోజే చెప్పాడు: "ఎవరి కొంప గోల వాళ్లది. రేడియో పెట్టుకుని చెయ్యి ఆడించమ్మా."

ఆ వారం పాత సామాన్ల కొట్టాయన ఒక చెక్క బీరువా దింపాడు. ఎవరో దట్టంగా నల్లరంగు పూసేశారు. "కింద నీలం, పైన తెలుపు వేసి పగుళ్లు తెప్పించు. జనం ఎగబడుతున్నారు" అన్నాడు. ఏం పిచ్చో, పాతదాన్ని గీకి పారేసి మళ్లీ పాతదాన్లా చెయ్యాలట!

పాటలకి తలాడిస్తూ రెండ్రోజులు బయటివైపంతా రుద్దింది. రాలిన పొట్టును జిగురులో కలిపి పురుగు తిన్న చిల్లులు పూడ్చింది. నీలం వేసి, జిగురు పూసి, పైన తెలుపు పట్టించింది. ఆరేసరికి తెలుపు చక్కగా చిట్లి నీలం తొంగిచూసింది.

మనసు మాత్రం తమ్ముడి దగ్గరుంది. సాయంత్రం కాగితాలు తెస్తున్నాడు. అమ్మ ఇల్లు బేరం పెట్టాడు, అందులో తనకి వాటా వద్దని సంతకం పెట్టాలి. పెట్టేద్దామనే అనుకుంది. ఈ రంగుల పని మానమని అమ్మ అరిస్తే, తనూ నాలుగు అరిచి ఇల్లు వదిలొచ్చేసింది. నాలుగేళ్ల కిందట అమ్మ పోయిన సంగతి తమ్ముడు అంతా అయిపోయాక చెప్పాడు. "నీ మొహం చూడనందక్కా. అందుకే పిలవలేదు." మొహమే చూడనన్న తల్లి ఇల్లు నాకెందుకులే అనుకుంది పిచ్చిది.

ఇక ఎడమ తలుపు లోపలివైపు మిగిలింది. తీసి చూస్తే పెన్సిలు గీతలు. ఇద్దరు పిల్లల ఎత్తులు, పక్కన అమ్మ రాత: పెద్దది, చిన్నాడు. ఓరి దేవుడా, ఇది మా బీరువా! రేడియో కట్టేసి, ఒక మూల మెల్లిగా రుద్దింది.

"పెద్దదాన్ని పిలవరా. ఒక్కసారి చూస్తాను." అమ్మ గొంతే, ఆయాసపడుతూ.

"పిలిచానమ్మా. రానంది." తమ్ముడి గొంతు.

గీతలు తప్పించి తలుపంతా రుద్దింది. ఇంకేమీ రాలేదు. అమ్మ జవాబు, పాటలు వింటూ రుద్దేసిన బయటివైపు ఇంకినట్టుంది.

సాయంత్రం తమ్ముడు వచ్చి, తెరిచి ఉన్న తలుపునీ ఆమె చేతిలో ఉప్పుకాగితాన్నీ చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"నేను రానన్నానట్రా?"

"నువ్వొస్తే మళ్లీ గొడవవుతుందని... అప్పట్లో ఏదో అనేశానక్కా."

"అదలా ఉంచు. అప్పుడు అమ్మేమంది?"

"గుర్తులేదు."

"గుర్తులేదా! అమ్మ ఆఖరి మాటరా అది!"

ఆమె నీలం రంగు కుంచె తీసి, అతని చేతిలోని కాగితాల మీదే తుడిచింది. ఆ ఇల్లు ఇక అమ్ముడుపోలేదు. తమ్ముడు మళ్లీ రాలేదు.

కొట్టాయన వచ్చి "పగుళ్లంటే ఇవీ!" అని మురిసిపోయాడు గానీ, ఆమె బీరువా ఇవ్వనంది. ఇప్పుడు షెడ్డులో రేడియో మోగదు. పని మొదలుపెట్టే ముందు ఒక్కో పగులు దగ్గరా అమ్మ మాట కోసం చెవి పెట్టి వింటుంది. పగుళ్లన్నీ పై రంగులోనే. చెక్కదాకా ఒక్కటీ పోలేదు. అంత బాగా పూడ్చింది మరి, తన చేతుల్తోనే.