చూసింది పైకి చెప్పాలి

నలభై దాటినా ఇంట్లో అందరికీ ఆమె చిట్టే. పెళ్ళీ పెటాకులూ లేకుండా అన్నావదినల దగ్గరే ఉండిపోయింది. పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో ఏళ్ళ తరబడి కూర్చుని నడుం పట్టేస్తే, ఎవరో చెప్పగా బార్ క్లాసులో చేరింది. బార్ అంటే మరేం కాదు, గోడ పొడవునా నడుమెత్తులో బిగించిన గుండ్రటి కర్ర. బ్యాలే నేర్చుకునేవాళ్ళు పట్టుకునేది. దాన్ని పట్టుకుని, మడమలెత్తి, మోకాళ్ళు వంచి, అంగుళం పైకీ అంగుళం కిందికీ కదలడమే పని. చూసేవాళ్ళకి నవ్వులాట. చేసేవాళ్ళకి మాత్రం కాసేపట్లోనే తొడలు గడగడా వణుకుతాయి. ఆ వణుకు కోసమే ఇదంతా. వచ్చిందంటే కండరం పనిచేసిందని లెక్క. వాళ్ళన్నయ్య మాత్రం ఇంటికొచ్చినవాళ్ళందరికీ, "మా చెల్లెలు సాయంత్రమైతే చాలు, బార్‌కి పోతుంది" అని చెప్పి తనే నవ్వుకునేవాడు.

నడుం నొప్పి పోయింది గానీ, పిచ్చి పట్టుకుంది. తనూ నేర్పాలి. చదువు నాన్న ఇష్టం, ఉద్యోగం అన్నయ్య చూసింది. తనంతట తాను కోరుకున్నది ఇదొక్కటే. సాయంత్రం క్లాసు చెప్పే అమ్మాయి ఊరు మారిపోతోంది. చిట్టి సర్టిఫికెట్ తెచ్చుకుంటే ఆ క్లాసు ఆమెదే. లేకపోతే వేరొకరిని పెట్టుకుంటారు. అందులో మొహమాటం ఏమీ లేదు.

మొదటి పరీక్షలో చిట్టి తప్పింది. పరీక్ష పెట్టే పెద్దమేడం ఒకప్పుడు బ్యాలే ఆడిన మనిషి, కర్రలా నిటారుగా కూర్చుంటుంది. ఆ రోజు చిట్టి పాట మొదలైనప్పటి నుంచి ఆగేదాకా అద్దంలో తనని తాను చూసుకుంటూ అన్నీ అందంగా చేసింది. వెనక ఎవరి మోకాలు ఎటు పోతోందో ఆమెకి తెలియదు.

"నువ్వు చెయ్యడానికొచ్చావా, చేయించడానికొచ్చావా?" అని అడిగింది పెద్దమేడం. "ఒకసారి చేసి చూపించి, కర్ర వదిలి వాళ్ళ మధ్యకి రావాలి. తప్పు కనిపిస్తే పైకి చెప్పాలి. నువ్వు చెప్పకపోతే చూశావని నాకెలా తెలుస్తుంది? చెప్పనిది చూడనట్టే. ఇంకొక్కసారి రా."

ఇక చిట్టి కనిపించిన ప్రతివాళ్ళనీ పాదాల నుంచి పైకి చూడటం మొదలుపెట్టింది. పళ్ళ ఆసుపత్రిలో ఒక పెద్దాయనతో "భుజాలు కిందికి దించండి" అనేసింది. పాపం ఆయన పన్ను పీకించుకోవడానికి వచ్చినవాడు. భయపడి దించేశాడు.

పరీక్షలో క్లాసు చెప్పి చూపించడానికి మనుషుల్ని ఎవరికి వాళ్ళే తెచ్చుకోవాలి. ఆ రోజు పొద్దున్నే ఒకావిడ జ్వరమని ఫోన్ చేసింది. చిట్టి వెళ్ళి వదిన కాళ్ళావేళ్ళా పడింది.

"ఈ వయసులో నాకెందుకమ్మా ఈ కుప్పిగంతులు" అంది వదిన. అయినా వచ్చింది. కాదనడం తెలియని మనిషి.

ఈసారి చిట్టి ఒకసారి చేసి చూపించి కర్ర వదిలేసింది. మధ్యలోకి నడిచింది. మోకాలు లోపలికి పడుతోందని ఒకరికి, నడుం వంగిందని ఒకరికి, ఊపిరి బిగబట్టొద్దని ఇంకొకరికి చెప్పింది. మూల కుర్చీలో పెద్దమేడం పెన్ను కదులుతూనే ఉంది. చివర నిలబడ్డ వదిన కాళ్ళు వణకడం మొదలైంది.

"చూడండి, మా వదినకి మొదటి రోజే వణుకొచ్చింది. ఇదే కావాలి" అంది చిట్టి. అందరూ నవ్వారు, వదినా నవ్వింది.

తర్వాత కాళ్ళు దించి, చేతులు వదిలేసి ఊపిరి తీసుకోమంది. అందరి కాళ్ళూ కుదుటపడ్డాయి. కండరం వణుకు అంతే, బరువు దించగానే ఆగిపోతుంది. వదిన కాళ్ళు కూడా ఆగాయి. కుడిచెయ్యి ఆగలేదు. పక్కన ఊరికే వేలాడుతున్న చెయ్యి, వేళ్ళ మధ్య ఏదో నలుపుతున్నట్టు వణుకుతూనే ఉంది.

ఈమధ్య వదిన టీ కప్పు రెండు చేతులతో తెస్తోంది. కూరగాయలు నువ్వే తరుగు అంటోంది. ఒకే వంటింట్లో తిరుగుతూ చిట్టి ఇవన్నీ చూసింది, వయసు మీద పడుతోంది కదా అనుకుంది. ఇప్పుడు అది వయసు కాదని తెలిసింది.

తను చూడటం వదిన చూసింది. వద్దన్నట్టు తల కొంచెం అడ్డంగా ఆడించింది. ఆ చేత్తోనే కర్రని గట్టిగా పట్టేసుకుంది. వేళ్ళు తెల్లబడ్డాయి, భుజం చెవిదాకా లేచింది. గుడ్డివాడికైనా కనిపించే తప్పు అది. పెద్దమేడం పెన్ను ఆగింది.

పట్టు వదులు చెయ్యండి అంటే చాలు, మార్కులు పడతాయి. అంటే మాత్రం, ఆ చెయ్యి నలుగురిలో బయటపడుతుంది. మాట నాలిక చివరిదాకా వచ్చింది. చిట్టి దాన్ని మింగేసి తర్వాతి కదలిక చెప్పింది. వదిన చివరిదాకా అలాగే పట్టుకుని నిలబడింది.

అందరూ వెళ్ళాక పెద్దమేడం పిలిచింది.

"అందర్నీ బాగానే చూశావు. ఆ చివరావిడ మాటేమిటి? కొత్త మనిషి, భుజం పట్టేస్తే ఎవరిది బాధ్యత? ఇంటి మనిషని ఊరుకున్నావా, అసలు చూడలేదా?"

"చూడలేదు మేడం" అంది చిట్టి. ఆ ఒక్క మాటా అనేసరికి ప్రాణం పోయినంత పనైంది.

"చూసింది" అని గుమ్మం దగ్గర నుంచి వినిపించింది. చెప్పులు వేసుకోవడానికి వెళ్ళిన వదిన వెనక్కి వచ్చి నిలబడి ఉంది. చేతి మీద కప్పుకున్న తువ్వాలు తీసేసి చెయ్యి చాపింది. "ఈ చేతిని చూసింది. నేను వద్దన్నానని నోరు మూసుకుంది."

పెద్దమేడం ఆ చేతిని కాసేపు చూసి, లేచి, తన కుర్చీలో వదినని కూర్చోబెట్టింది. డాక్టరుకి చూపించారా అని అడిగింది. చూపించానని, నరాల జబ్బన్నారని, మందులు కూడా మొదలుపెట్టానని వదిన చెప్పింది. చిట్టికి అదీ తెలియదు.

"అయినా నిన్ను పాస్ చెయ్యలేనమ్మా" అంది పెద్దమేడం చిట్టితో. గొంతులో కోపం లేదు. "ఆవిడ గుట్టు కాపాడావు గానీ, ఆవిడ భుజాన్ని గాలికొదిలేశావు. అందరూ చేతులు నడుం మీద పెట్టుకోండి అంటే సరిపోయేది. ఒకరికి చెప్పలేనిది అందరికీ చెప్పాలి. ఇది నేను నేర్పి ఉండాల్సింది."

అంత చిన్న మాట తనకెందుకు తట్టలేదా అని చిట్టికి ఏడుపొచ్చింది.

ఇద్దరూ ఇంటిదారి పట్టారు.

"నావల్లే పోయింది నీ పరీక్ష" అంది వదిన.

"నావల్లే పోయింది. ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదు వదినా?"

"చెప్తే నన్ను కూర్చోబెట్టి అన్నీ మీరే చేస్తారు. ఇంట్లో నేనో చుట్టాన్నవుతాను. మీ అన్నయ్యకి ఎలా చెప్పాలో తెలీక రోజూ రేపు చూద్దాం అనుకుంటున్నా. ముక్కూమొహం తెలియనావిడకి మాత్రం ఎంత తేలిగ్గా చెప్పేశానో చూడు."

చిట్టి ఆ చెయ్యి పట్టుకుంది. అది ఆమె చేతిలోనూ వణికింది. గట్టిగా పట్టుకుంటే ఆగుతుందేమో అనిపించింది గానీ, అలా పట్టుకోలేదు.

ఇంటి ముందుకొచ్చాక వదిన ఆగిపోయింది. "నువ్వు చెప్పవే."

"నువ్వే చెప్పు వదినా. నేను పక్కనే ఉంటా."

చప్పుడు విని అన్నయ్య తలుపు తీశాడు. "ఏమైంది, పాసా?"

"లేదన్నయ్యా" అంది చిట్టి. "వదిన నీతో ఏదో చెప్పాలట" అని, ఆమె కనపడేలా పక్కకి తప్పుకుంది.