పెరట్లో పలికిన పిట్ట

పచ్చి అరటికాయలు ఉడుకుతుండగా యదీరా చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుంది. నానెగాలిటో ఊరి కొండవాలు పొడవునా చెట్లకు కట్టిన రికార్డర్లు పట్టిన కూతలన్నీ ఆమె దగ్గరికే వస్తాయి. ఏ కూత ఏ పిట్టదో తేల్చి, పరిశోధన కేంద్రం కంప్యూటర్లో పేరు ఎక్కించడం ఆమె ఉద్యోగం. అత్త ఎలోదియా లెక్కలో అది ఇంట్లో కూర్చుని పాటలు వినడం. భర్త విల్మెర్ లెక్కలో తనకు చేసే సాయం. చెట్లెక్కి రికార్డర్లు కట్టేది అతనే కదా మరి.

ఆ వారం విల్మెర్ కాళ్లు నేల మీద ఆనడం లేదు. తమ పెరటి కాఫీ చెట్టుకు కట్టిన రికార్డర్లో ఎవరూ ఎరగని కూత పడింది. భార్య వినేదాకా కూడా ఆగకుండా తీసుకెళ్లి కేంద్రం అధిపతి డాక్టర్ బర్రగాన్‌కు వినిపించాడు. "కొత్త పిట్టే అయితే నీ పేరే పెడదామోయ్" అన్నాడట ఆయన.

యదీరా ఇప్పుడు వింది. మెట్లు మెట్లుగా పైకెక్కి, చివర జారే ఈల. వెనకాల నూనె చిటపట. నవ్వు ఆగలేదు. ఆ ఈల తనదే.

చిన్నప్పుడు నాన్న నేర్పిన ఈల. కాపురానికొచ్చిన కొత్తలో ఒకసారి వేస్తే ఎలోదియా గరిటె ఎత్తింది. "ఈలేసే ఆడదీ, కూతేసే కోడిపెట్టా ఇంటికి అరిష్టం. పెట్టనైతే పులుసు పెట్టుకుంటాం. నిన్నేం చేయనే?" అప్పట్నుంచీ అత్త తెల్లవారుజామున కోళ్ల దగ్గరికి వెళ్లినప్పుడే, పొయ్యి ముందు, పెదవుల చివర వేసుకుంటోంది. నిజం చెబితే మొగుడి పిట్ట ఎగిరిపోతుంది, తన దొంగ ఈల బయటపడుతుంది. చెప్పకపోతే ఇన్నేళ్లూ ఒక్క తప్పు పేరు ఎక్కించని చేత్తో అబద్ధం ఎక్కించాలి.

ఆదివారం పొద్దున్నే ఆ పిట్ట కూత వినడానికి బర్రగాన్ స్వయంగా వచ్చాడు. అందరూ వరండాలో ఊపిరి బిగబట్టి కూర్చున్నారు.

"గిన్నెలు చప్పుడు చేయకే, పిట్ట బెదురుతుంది" అన్నాడు విల్మెర్ గుసగుసగా. "కాఫీ మాత్రం తే."

యదీరా వంటింట్లోకి వెళ్లి, కాఫీ కలిపి, నిండుగా ఈల వేసింది.

"అదే! అదే!" బర్రగాన్ కుర్చీ తన్నుకుంటూ లేచాడు. "ఎటు నుంచి?"

కాఫీ పళ్లెంతో ఆమె గుమ్మంలోకొచ్చి, వాళ్ల ముఖాల్లోకి చూస్తూ మళ్లీ వేసింది.

బర్రగాన్ పగలబడి నవ్వాడు. "ఈ పిట్ట పేరేంటమ్మా?"

"యదీరా అండీ. చాలా ఏళ్లుగా మీ కేంద్రానికే పనిచేస్తోంది."

విల్మెర్ చెవులు ఎర్రబడ్డాయి. "ముందే చెప్పొచ్చుగా!"

"ముందే అడగొచ్చుగా? వినేది నా పని."

ఎలోదియా లేచి కోళ్ల దగ్గరికి వెళ్లిపోయింది. యదీరా ఆ కూత ఎదురుగా 'మనిషి, ఆడ' అని రాసి తన పేరు ఎక్కించింది.

తర్వాతి వారం రికార్డింగులో ఇంకో ఈల వినబడింది, కోళ్ల గూటి వైపు నుంచి. మొదట ఉత్త గాలి. తర్వాత బొంగురుగా, తడబడుతూ నాలుగు స్వరాలు. మధ్యలో దగ్గు. మళ్లీ మొదటినుంచీ. ఆ దగ్గు ఎవరిదో యదీరాకు బాగా తెలుసు. 'మనిషి, ఆడ' అని రాసి ఆగింది. పొయ్యి మీద పాలు పొంగుకొస్తున్నాయి.

"విల్మెర్, పాలు చూడు. నాకు పనుంది" అని కేకేసి పెరట్లోకి నడిచింది.

"అత్తయ్యా, మీ పేరు పూర్తిగా ఎలా రాయమంటారు?"