వేలి కింద పేరు

ఫోన్ తెర మీద ప్రూఫు పేజీ ఫోటో. పేజీ పట్టుకున్నవాళ్ళ బొటనవేలు చివరి లైను మీద పడింది.

"ఆ వేలి కింద పేరేంటమ్మా?" అన్నాడు బసవేశ్వరరావు, ఎమ్మెల్యే గారి మనిషి. గొంతు పెంచలేదు. అందుకే జెస్సీ కుర్చీలోంచి లేచి నిలబడింది.

తెనాలిలోని ఆ ప్రెస్సులో జెస్సీ డీటీపీ చేస్తుంది. రిటైరైన మాస్టారు వెంకట్రామయ్య ఊరూరా తిరిగి పోగేసిన మాటల నిఘంటువు నెల రోజులుగా ఆమె చేతిలో ఉంది. ప్రతి మాట కిందా, అన్న మనిషి ఊరూ పేరూ వేయడం మాస్టారి పట్టుదల. బాపట్ల సభలో ఆయన పంచిన ప్రూఫుల్ని ఎవరో ఫోటో తీశారు.

"నత్తగుల్ల: అవసరానికి నోరు విప్పని మనిషి. 'మా ఎమ్మెల్యే నత్తగుల్లండి. ఓట్లప్పుడు మూత తీస్తాడు, కాలవ ఎండితే మూసుకుంటాడు.' రేపల్లె దగ్గర ఏటిగట్టుపాలెం, నాట్ల జట్టు."

వేలి కింద ఉన్న పేరు దానమ్మ. జెస్సీ తల్లి.

"సిస్టంలో చూడాలండి."

"సాయంత్రం వస్తా. పేరు దొరక్కపోతే జట్టులో పన్నెండు మందికీ ఇళ్ళ పట్టాలు ఆగుతాయి. నేను ఆపేదేం లేదు, వాటంతటవే ఆగుతాయి."

అతను వెళ్ళగానే ఓనరు రాజీవ్ మాస్టారికి ఫోన్ చేశాడు. "బతికున్న మనిషిని తిట్టిన తిట్టు నిఘంటువులో ఎందుకండీ?"

"ఆ అర్థం పుట్టిందే ఆయన వల్లయ్యా. ఆయన్ని తీసేస్తే ఇంక మిగిలేది కాలవలో నత్తే." పట్టాల సంగతి చెప్పాక మాస్టారు తగ్గాడు. "పోనీ, మాట ఉంచి ఆమె పేరు తీసెయ్యండి."

జెస్సీ ఆ పేరు మీద కర్సరు పెట్టి తల్లికి ఫోన్ చేసింది. దానమ్మ మడిలోంచే ఎత్తింది. అంతా వింది.

"ఆ పట్టా కోసం ఆరేళ్ళు తిరిగానే."

"అందుకే తీసేస్తానమ్మా."

"తీసేస్తే మిగతా పదకొండు మంది మీదా పడతారు. అన్నది నేను. పుస్తకంలో నా పేరొస్తందని చర్చిలో గూడా చెప్పుకున్నా. ఉంచు." గొంతు తగ్గించింది. "నాకూ కాళ్ళు వణుకుతున్నాయిలే. మోకాళ్ళదాకా బురద గదా, ఎవరికీ కనపడదు."

సాయంత్రం బండి ఆగింది. జెస్సీ పేజీ ప్రింటు తీసి బల్ల మీద పెట్టింది. బసవేశ్వరరావు చివరి లైను చదివాడు.

"దానమ్మ. ఎవరీవిడ?"

రాజీవ్ లోపలి గదిలోకి తప్పుకున్నాడు.

"మా అమ్మండి."

అతను మొదటిసారి జెస్సీ మొహంలోకి చూశాడు. "అయితే తేలికే. ఆ మాట అనలేదని మీ అమ్మ చేత రాయించు. నీ చేత్తోనే పుస్తకంలోంచి దాన్ని లేపెయ్."

"ఆ మాట మా అమ్మే అందండి. లేపెయ్యను."

బల్ల కింద ఆమె కాళ్ళు వణుకుతున్నాయి. ఇక్కడ బురద లేదు.